బందరు ఉప్పెన - మన మెట్టసీమ

సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు మన పెద్దబాట బందరులో ముగియును. కార్తీకమున సముద్రముపై లేచిన గాలివాన మన మిర్యాలగూడెమున వరిపనలను తడుపును. అచట ప్రాణములనే హరించును.

1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని మ్రింగెను. 1977 నవంబరు 19న, హెచ్చరిక వెలువడినను జనులను తరలించు నేర్పాటు చాలక, దివిసీమ ప్రాంతమున దాదాపు 10,000 మంది గతించిరి. 1990 మే నెలలో లక్షకు మించిన జనులను ముందే తరలింపగా మృతులు వేయికి లోపే.

గాలికంటె నీరే యెక్కువమందిని చంపును. ఇల్లును పశువులను విడువ మనసొప్పక వేచియుండుటయే ముప్పు. కనుక తీరమున చుట్టములున్న పెద్దలకు నా మనవి: తుపాను వార్త విన్నంతనే "మా యింటికి రండు" అని కబురంపుడు.