పుస్తకానికి చిరునామా రాసిన లెక్కల మాస్టారు

మన సంఘంలో గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాళ్ళం పట్టుమని పదిమందిమి కూడా లేము. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మా వృత్తికి పెద్దదిక్కయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారే గుర్తుకొచ్చారు.

1892లో తంజావూరు జిల్లా శీర్కాళిలో పుట్టిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. మన కోస్తా జిల్లాల కళాశాలలు కూడా అప్పుడు ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. చేరిన కొద్దిరోజులకే పనిలేక విసుగెత్తి, మళ్ళీ పాఠాలకే పోతానన్నారట! పెద్దలు నచ్చజెప్పి లండను పంపారు.

అక్కడ ఆయనకు డ్యూయీ పద్ధతి తృప్తినివ్వలేదు. 1876 నాటి ఆ పద్ధతిలో గూళ్ళు ముందే కట్టి ఉంటాయి, పుస్తకం ఏదో ఒక గూట్లో ఇమడాలి. మతానికిచ్చిన 200 అంకెల్లో 220 నుంచి 280 దాకా క్రైస్తవానివే. మన మతంతో సహా మిగిలినవన్నీ 290లో సర్దుకోవాలి.

ఒకనాడు లండను దుకాణంలో మెకానో అనే ఆటబొమ్మ చూశారాయన. అవే ఇనుపపట్టీలు, చక్రాలు, మరలు. బిగించే తీరును బట్టి క్రేనూ అవుతుంది, బండీ అవుతుంది. విషయాన్నీ ఇలాగే ముక్కలు చేసి బిగించవచ్చు కదా అనుకున్నారు. 1933లో అచ్చయిన కోలన్ వర్గీకరణకు మూలం అదే. ముఖ్యవస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అని ఐదు ముఖాలు. వైద్యానికి ‘ఎల్’, ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, చికిత్సకు 6, భారతదేశానికి 44. వీటిని కామాలు, కోలన్లతో కలిపితే పుస్తకానికి చిరునామా తయారు. చిరునామాలోని ఒక్కో మెట్టుకూ సూచికలో ఒక్కో కార్డు రాయడం కూడా ఆయనే నేర్పారు.

దాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నేను పనిచేసిన చోట ఒక కుర్రవాడు కొబ్బరి తెగుళ్ళ మీద పుస్తకం కావాలని వచ్చాడు. కార్డులన్నీ తిరగేసి లేదని పంపేశాను. నెల తర్వాత దుమ్ము దులుపుతుంటే భూగోళం బీరువాలో కనిపించింది. అట్ట మీద ‘కోనసీమ’ అని ఉందని ఎవరో అక్కడ పెట్టి, ఒకే ఒక్క కార్డు రాశారు. పంటకో కార్డు, తెగులుకో కార్డు ఉండి ఉంటే ఆ అబ్బాయి చేతికి అందేది. అతను మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కంప్యూటరు వాళ్ళు ‘ఆంటాలజీ’ అంటున్నారు. ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అని యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టడమట. మా మనవడు ఫోనులో చెప్పులు కొంటూ సైజు, రంగు, ధర విడివిడిగా నొక్కుతుంటే నాకు ఆ ఐదు ముఖాలే కనిపిస్తాయి.

అయినా మన దేశంలోనే చాలా గ్రంథాలయాలు డ్యూయీతోనే ఉండిపోయాయి. తప్పంతా వాటిది కాదు. 1933 నుంచి 1960 లోపల కోలన్ ఆరు ముద్రణలు పొందింది, మార్పులూ అలాగే జరిగాయి. వేల పుస్తకాల వీపుల మీద పాత అంకెలు గీకి కొత్తవి రాయడమంటే ఏమిటో, జిగురు డబ్బా పట్టుకుని కూర్చున్న మావంటి వాళ్ళకే తెలుసు.