లోకేశ్వరాలయ సూత్రధారులు

ఒక పట్టణమున బేరొందిన స్థపతి దానిని విడిచి వేఱొక రాజధానికి బోయి యచట బనిచేయుట నేడు వింతగాదు. పూర్వకాలమునను నట్లు జరుగుచుండెనని యందఱును జెప్పుదురు. కాని యెవడు పోయెను, ఎట్లు పోయెను, పోయినచోట నాతనికెట్టి మన్నన దొరకెను అని యడిగినచో నుత్తరమీయగల శాసనములు మిక్కిలి యరుదు. పట్టదకల్లునందలి లోకేశ్వరాలయమున నట్టివి రెండు గలవు. ఈ యాలయమునే నేడు విరూపాక్షాలయమందురు. చాళుక్య విక్రమాదిత్యుడు కాంచీపురమును జయించి యచటి శిల్పులను దెచ్చి దీనిని గట్టించెనని చరిత్రగ్రంథములందు దఱచుగా గనబడు వాక్యము. ఆ వాక్యమునకు శాసనములిచ్చు బలమెంతయో విచారింపవలసియున్నది.

రెండవ విక్రమాదిత్యుడు క్రీ.శ. 733 మొదలు 744 వఱకు బాదామి సింహాసనమున నుండెను. కాంచిపై మూడు దండయాత్రలు చెప్పబడియున్నవి: యువరాజుగా నొకటి, రాజుగా నొకటి, కుమారుడైన కీర్తివర్మను బంపి చేయించినది మఱియొకటి. ఈ విజయమునందొక విశేషము గలదు. విజేత పురమును గాల్పలేదు. పల్లవరాజసింహుడు కట్టించిన రాజసింహేశ్వరము, అనగా కైలాసనాథాలయము, నందలి ధనమును జూచి దానిని గొనక మరల దేవునకే యిచ్చివేసెను. ఆ సంగతి యాలయమండప స్తంభమొకదానిపై గన్నడభాషలో జెక్కబడి నేటికిని నిలిచియున్నది. కుమారుని కాలమున క్రీ.శ. 757లో బుట్టిన వక్కలేరి తామ్రశాసనమును నిదే కథను జెప్పుచున్నది. శత్రువుల గుడిలో నిలిచి దాని పనితనమును గన్నులార జూచిన రాజొకడు గలడనుటకు మన కింతకంటె మంచి సాక్ష్యము దొరకదు. ఆతని పట్టపుదేవి లోకమహాదేవి. పతివిజయమునకు గుఱుతుగా నామె కట్టించినదే లోకేశ్వరము. ఆమె చెల్లెలును సవతియునైన త్రైలోక్యమహాదేవి దాని ప్రక్కనే త్రైలోకేశ్వరమును గట్టించెను.

ఇక బోలికల మాట. రెండుచోట్లను జతురస్రమైన విమానము అంతస్తులంతస్తులుగా లేచుచున్నది. రెండుచోట్లను బ్రాకారముననుసరించి లోపలివైపున జిన్నగుళ్లు వరుసదీర్చియున్నవి. కాంచిని జూచినవాడే యీ ప్రాకారమును దలపోసెననుట సహజము. కాని భేదములను దాచరాదు. కాంచియందు స్తంభములను మోయుచు బైకెగయు సింహములు పట్టదకల్లునకు రాలేదు. కాంచియందు మండపము మొదట విమానమునుండి వేఱుగా నుండెను. పట్టదకల్లునందది గర్భగృహముతో మొదటినుండియు గలిసియున్నది. విమానమునకు ముందువైపున బొడుచుకొని వచ్చిన శుకనాస పల్లవుల పనిలో లేదు. ప్రదక్షిణమార్గమునకు వెలుగునిచ్చు జాలకపు గవాక్షములు చాళుక్యులకు జిరపరిచితములు.

అంతకంటె ముఖ్యమైన మాటయొకటి గలదు. ద్రావిడవిమానమును గట్టుట చాళుక్యదేశమున గ్రొత్తవిద్య గాదు. బాదామి కొండమీది మాలెగిత్తి శివాలయము ఏడవశతాబ్దిది. విక్రమాదిత్యుని తండ్రి విజయాదిత్యుడు పట్టదకల్లుననే విజయేశ్వరమును గట్టించెను, నేటి సంగమేశ్వరమదియే. దాని విమానమును, దాని ప్రదక్షిణమార్గమును జూచినవానికి లోకేశ్వరపు బునాది యెచట నున్నదో తెలియును. శుకనాస మాత్రము దానికి లేదు. కావున కాంచి రాకమునుపే మలప్రభాతీరమున జేయితిరిగిన పనివారుండిరనుట నిశ్చయము.

ఇప్పుడు శాసనములు. వీనిని 1881లో ఫ్లీటుదొరగారు ప్రకటించిరి. ఒకదానియందు గుండడను సూత్రధారి చెప్పబడెను. ఈ సూత్రధారి నాటకపు సూత్రధారి కాడు. నూలుపట్టి కొలతవేసి గుడికి గీతగీయువాడు. ఆతనికి అనివారితాచారి యని పేరు. కాంచిని ముమ్మారు గెలిచిన విక్రమాదిత్యుని దేవియైన లోకమహాదేవి యాలయమును జేసినవాడితడనియు, ఈతనికి ద్రిభువనాచారి బిరుదమును, పెర్జెరెపు అను పట్టమును నొసగబడెననియు నందు గలదు. రెండవ శాసనమున సర్వసిద్ధి ఆచారి పేరున్నది. ఈతడు పెక్కు పురములకును గృహములకును బితామహుడట. ఇండ్లు, ప్రాసాదములు, వాహనములు, ఆసనములు, శయ్యలు, మణిమకుటములు మొదలగువాని నిర్మాణమున నేర్పరియట. ఈ పట్టికను జదువునప్పుడు వింతదోచును. నగరమునకు వీథులు గీసినవాడే రాజుకూర్చుండు పీఠమునకును గొలతవేసెను. ఇంతవఱకు బాగున్నది. వివాదమంతయు దరువాతిమాటలో నున్నది: ఈతడు "తెంకణ దిసెయ సూత్రధారి".

తెంకణమనగా దక్షిణము. మన తెనుగున తెన్ను, తెంకణాది యను మాటలకు నిది చుట్టము. దక్షిణదిక్కు సూత్రధారియనగా దక్షిణదేశమునుండి వచ్చినవాడని కొందఱర్థము చెప్పిరి. వారి కీమాటయే కాంచికి బ్రధానసాక్షి. కాని దిక్కనగా దేశమేల కావలెను? ఆలయమున దక్షిణపార్శ్వమును జేసినవాడనియు జెప్పవచ్చును. అచటనే పాపనాథాలయమున రేవడి ఓవజ్జ యను శిల్పి పేరు చెక్కబడియున్నది. ఈతడు సర్వసిద్ధి ఆచారి సంప్రదాయమువాడు. ఆ శాసనముననుగూడ దక్షిణదిక్కును జేయుట చెప్పబడినది. దేశమంతటిని నెవడు చేయగలడు? గుడికి దక్షిణపు గోడను జేయవచ్చును. నాకీ రెండవయర్థమే యుక్తముగ దోచుచున్నది. అయినను మొదటిదానిని బూర్తిగా ద్రోసివేయుటకు సాహసింపను. ఏలయన, బిరుదముల వరుసలో నిలిచిన మాట కేవలము గోడవాటాను జెప్పుననుట కొంచెము బిగువుగా నుండదు.

ఊరిపేరు చెప్పకపోవుటయు నాలోచింపదగినదే. అదే పట్టదకల్లున క్రీ.శ. 754లో జ్ఞానశివాచార్యుడు నిలిపిన శిలాస్తంభము గలదు. దానిపై నొకే శాసనము రెండు లిపులలో జెక్కబడినది. ఈ యాచార్యుడు గంగానది యుత్తరతీరమందలి మృగథణికాహార విషయమునుండి వచ్చినవాడని యందు స్పష్టముగా వ్రాయబడెను. దూరదేశమునుండి వచ్చుట గౌరవమని తలచు కాలమది. గుండడు నిజముగ కాంచినుండి వచ్చియుండిన, ఆ మాటను జెప్పుకొనుటకు లేఖకునికి సంకోచమేమి? పైగా కాంచీవిజయమును గీర్తించుచున్న శాసనమున! ఇంతేకాక అనివారితశబ్దము విక్రమాదిత్యుని బిరుదము. ఆతని యాస్థానమున సాంధివిగ్రహికుని పేరునందును నిది గలదు. రాజు తనపేరును దనవారికి బెట్టుట యాచారము. కావున గుండడు చాళుక్యుల యింటివాడే యని నా యూహ. ఆతడు సేనవెంట బోయి కాంచిని జూచివచ్చెనో, కాంచినుండి వచ్చినవాని కెవనికైన దోడుగ నిలిచెనో చెప్పజాలము. వచ్చినవాడు సర్వసిద్ధి కావచ్చును.

ఎవరు వచ్చినను, చెఱబట్టి తేబడిన దాసులుగా మాత్రము రాలేదు. కొందఱు "శిల్పులను దెచ్చెను" అనుమాటను ధనరాసులను, ఏనుగులను దెచ్చెననునట్లే వ్రాయుదురు. ఈ ద్వారమును జూచినచో నట్లు వ్రాయరు. చెఱలోనివానికి బట్టము గట్టరు. ద్వారమున రాణిపేరు సరసన వానిపేరు చెక్కనీయరు. పట్టము పొందిన సందర్భమును గమనింపదగినది. ఫ్లీటుగారి వ్యాఖ్య ప్రకారము, ఆ ప్రాంతమున వెలివేయబడిన వారిని గుండడు మరల జేర్చుకొనెను. అటుపిమ్మట నాతనికీ గౌరవము గలిగెను. ఎవరు వెలివేయబడిరి, ఏల? శాసనము చెప్పదు. పనివారి కట్టులో దగవు పుట్టెననియు, దానిని దీర్చుటకు గుడిగట్టినవాని మాట చెల్లెననియు మాత్రము తెలియుచున్నది. పెద్దపని జరుగుచోట బయటివారును లోపలివారును నొకచో గూడుదురు. ఎవని ప్రక్క నెవడు కూర్చుండవలెను, ఎవనియింట నెవడు తినవలెను అను తగవులు రాయికంటె గట్టివి. స్థపతి వానినిగూడ జక్కబెట్టవలసివచ్చెనని నేననుకొందును.

వలసవచ్చినవాడు తనవెంట దేగలిగినదేమి? నూలు, మానము, శాస్త్రము, ఒకరిద్దఱు శిష్యులు. రాతిని దేలేడు. మలప్రభాతీరపు టెఱ్ఱని యిసుకరాయి యెట్లు చీలునో, ఏ పొర యులికి లొంగునో తరతరములుగ నెఱిగినవారు స్థానికులే. లోకేశ్వర మండపస్తంభములపై సీతాపహరణమును, జటాయువు పోరును, భారతకథలను నంత సన్నముగ మలచినదీ రాతియం దారితేరిన చేతులే. కాంచినుండి సూత్రము వచ్చియుండవచ్చును. ఉలి మాత్రము బాదామిది.

రేవడి ఓవజ్జ పేరునొద్ద దెలుగువారమొకింత నిలువవలెను. ఉపాధ్యాయశబ్దమునుండి ప్రాకృతమున ఉవజ్ఝాయ, దానినుండి ఓవజ్జ. మన ఒజ్జయు, కమ్మరి వడ్రంగి కంసాలి పేర్ల చివర నేటికిని వినబడు ఓజు శబ్దమును నిట్టివే. గుడిగట్టువాడు గురువనుట యీ పదమే చెప్పుచున్నది. అంతేకాదు, పాపనాథాలయపు శిఖరము ద్రావిడము గాక నాగరము. దానిని బోలినది తుంగభద్రాతీరమున అలంపురమందు వినయాదిత్యుని కాలమున, అనగా 681-696 నడుమ, గట్టబడిన స్వర్గబ్రహ్మాలయము. తెలుగుదేశమునుండి పడమటికిని బనివారు నడచిరని దీనివలన నూహింపవచ్చును. ఈ సందర్భమున జూవో దుబ్రేయి పండితుని మాటయు దలపునకు వచ్చును: పల్లవ మహేంద్రవర్మ గుహాలయములను దొలిపించుట కృష్ణాతీరమున ఉండవల్లిని జూచియే నేర్చెనని యాతడనెను. అది నిలుచునో నిలువదో గాని, కాంచిని మూలముగ జెప్పుకొనువారు కాంచికిని మూలమును వెదకవలెనని గుఱుతుచేయుచున్నది.

లోకేశ్వరము ముగిసిన పదిపండ్రెండేండ్లకే బాదామి రాజ్యము కూలి రాష్ట్రకూటులు ప్రబలిరి. ప్రభువు మాఱినను బనివారు పోలేదు. మొదటికృష్ణుని (756-773) కాలమున నెల్లోరాకొండను బైనుండి క్రిందికి దొలిచి చేసిన కైలాసము పట్టదకల్లు గుడి పోలికనే యున్నది: ముందు ద్వారము, విడిగా నందిమండపము, దానివెనుక మూడువాకిళ్ల మండపమును విమానమును. ఇచటివారే యచటికి బోయిరని పెక్కురి యభిప్రాయము. ఆ కొండగుడిని జూచి దేవతలు విస్మయపడిరనియు, చేసిన శిల్పియే దీని నేనెట్లు చేసితినని యచ్చెరువొందెననియు, అట్టిదానిని మరల జేయలేకపోయెననియు 812 నాటి కర్కరాజు బరోడా తామ్రశాసనము వర్ణించుచున్నది. ఆ శిల్పిపేరు మాత్రము శాసనకవి చెప్పలేదు.