ఆర్‌టీఎక్స్ 5090: రూ.2 లక్షలు దాటిన గేమింగ్ కార్డు.. కొనేముందు ఇవి చూసుకోండి

గేమింగ్ పీసీ కొనాలనుకునే కుర్రాళ్ల నోట ఒకటే మాట.. 5090. ఎన్విడియా 2025 జనవరి 30న మార్కెట్‌లోకి తెచ్చిన ఈ జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు అమెరికాలో ప్రారంభ ధర 1,999 డాలర్లు. మన దేశంలో కంపెనీ ప్రకటించిన ప్రారంభ ధర రూ.2,14,000. షాపుకెళ్లి అడిగితే చాలాసార్లు అంతకంటే బాగా ఎక్కువే చెబుతారు. ఇది ఒక్క కార్డు ధరే! ప్రాసెసర్, మానిటర్, క్యాబినెట్ లెక్క వేరే. మరి ఇంత పెడితే వచ్చేదేంటి? తలనొప్పులేంటి?

స్పీడ్‌లో తిరుగులేదు.. కానీ మానిటర్ ఏది?

21,760 కుడా కోర్లు, 32 జీబీ జీడీడీఆర్7 మెమరీ. కాగితం మీదే కాదు, ఆటలోనూ తేడా కనిపిస్తుంది. 4కే రిజల్యూషన్‌లో పాత 4090 కంటే అటూఇటూగా 30 శాతం ఎక్కువ స్పీడ్. దీని తర్వాతి మోడల్ 5080లో ఉన్నది 10,752 కోర్లు, 16 జీబీ మెమరీ. అంటే దాదాపు సగం.

అయితే ఇదంతా 4కే మానిటర్ ఉన్నవాళ్లకే. 1080పీ మానిటర్‌లో వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకు ఈ కార్డు దండగ. అక్కడ ప్రాసెసరే వెనకబడుతుంది, కార్డు సగం ఖాళీగా కూర్చుంటుంది.

డీఎల్‌ఎస్‌ఎస్ 4 గురించి ప్రచారం గట్టిగానే ఉంది. ఇందులోని మల్టీ ఫ్రేమ్ జనరేషన్‌తో కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేమ్‌కు ఏఐ మరో మూడు ఫ్రేమ్‌ల దాకా కలుపుతుంది. చూడ్డానికి స్మూత్‌గా ఉంటుంది. కానీ మౌస్ కదిపితే స్పందించేది అసలు ఫ్రేమ్‌లే. అసలు స్పీడ్ 30 ఎఫ్‌పీఎస్ దగ్గరుంటే.. స్క్రీన్ మీద 100 దాటిందని చూపించినా చేతికి మాత్రం బరువుగానే తగులుతుంది.

అసలు సమస్య కేబుల్ దగ్గర

ఈ కార్డు 575 వాట్ల దాకా తీసుకుంటుంది. కరెంట్ అంతా దాదాపు ఒకే 16 పిన్నుల కనెక్టర్ గుండా వెళ్లాలి. ఆ కనెక్టర్ పరిమితి 600 వాట్లు. లెక్క చూడండి.. 12 వోల్టుల దగ్గర 575 వాట్లంటే సుమారు 48 ఆంపియర్లు. ఆరు తీగలు సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 8. ఒక్కో పిన్ తట్టుకునేది సుమారు 9.5. మార్జిన్ అంతే!

సమానంగా పంచుకోకపోతే? 2025 ఫిబ్రవరిలో ‘డెర్‌బావర్’ పేరుతో పాపులరైన జర్మన్ యూట్యూబర్ రోమన్ హార్టుంగ్ తన కార్డును పరీక్షిస్తే.. ఒక్క తీగలోనే 20 ఆంపియర్లకు పైగా వెళ్తున్నట్టు తేలింది. పవర్ సప్లై వైపు కనెక్టర్ 150 డిగ్రీల దాకా వేడెక్కింది. పాత 3090 టీఐలో ఈ తీగలను మూడు జతలుగా విడగొట్టి, ఏ జతలో ఎంత వెళ్తోందో కార్డే చూసుకునేది. 4090 నుంచి అన్నీ కార్డు లోపల ఒకే లైన్‌లో కలిసిపోతున్నాయి. కనెక్టర్లు కరిగిన ఫిర్యాదులూ 4090 నుంచే మొదలయ్యాయి.

అందరి కార్డులూ ఇలా కాలిపోతాయని కాదు. కానీ రెండు లక్షల వస్తువుకు కేబుల్ గురించి భయపడాల్సి రావడం న్యాయమైతే కాదు. కొన్నవాళ్లు పవర్ సప్లైతో వచ్చిన కేబులే వాడాలి. క్లిక్ మనేదాకా లోపలికి నొక్కాలి. కనెక్టర్ మొదట్లోనే తీగలు మడవకూడదు. ఆసుస్ ఆస్ట్రల్ మోడల్‌లో ఒక్కో పిన్ కరెంట్‌ను సాఫ్ట్‌వేర్‌లో చూసే సదుపాయం ఉంది, అది కాస్త నయం.

కరెంటు బిల్లు, వేడి

ఎన్విడియా సిఫారసు 1,000 వాట్ల పవర్ సప్లై. రోజుకు నాలుగు గంటలు ఫుల్ లోడ్‌లో ఆడితే ఒక్క కార్డుకే నెలకు 69 యూనిట్లు. మన బిల్లులు స్లాబుల లెక్కన కాబట్టి ఈ యూనిట్లు పై స్లాబులో పడితే వాత ఎక్కువే. తీసుకున్న కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మారుతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఆడటమంటే.. హీటర్ పక్కన కూర్చున్నట్టే. ఫ్యాన్లు, లైట్లకు పెట్టుకున్న ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలనే ఆలోచనే వద్దు.

ఎవరికి పనికొస్తుంది?

4కేలో హై రిఫ్రెష్ రేట్ మానిటర్ ఉన్నవాళ్లకు, సొంత పీసీలో ఏఐ మోడళ్లు నడిపేవాళ్లకు, భారీ 3డీ సీన్లు రెండర్ చేసేవాళ్లకు. వీళ్లకు 32 జీబీ మెమరీ నిజంగా పనికొస్తుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు మాత్రం ఆగాలి. కెమెరాల నుంచి వచ్చే 4:2:2 ఫుటేజ్‌ను కార్డులోనే డీకోడ్ చేసే సదుపాయం 5070 టీఐ లాంటి తక్కువ ధర మోడళ్లలోనూ ఉంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుంటే? వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ డ్యూటీ పడే అవకాశమూ ఉంది. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకుని, బాక్సు తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి. పీసీలో పెట్టిన వెంటనే జీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఓపీల సంఖ్య 176 ఉందో లేదో చూడండి. మొదట్లో వచ్చిన కొన్ని కార్డుల్లో 168 మాత్రమే ఉన్నట్టు బయటపడింది. ఎన్విడియా కూడా ఒప్పుకుని, వాటిని మార్చి ఇస్తామని చెప్పింది.