అభ్రకపు గనిలో నల్లరాయి

శామీర్‌పేట చెరువు పరిసరములలో ఎటు చూచినను గ్రానైటు బండలే కనబడును. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న రాతిద్రవము చల్లారి గట్టిపడుటచే ఇట్టి బండలు ఏర్పడినవి. హైదరాబాదు చుట్టుపట్ల ఈ బండలను నిదానించి చూచినచో, పెద్దపెద్ద పలుకులుగల తెల్లని చారలు, గులాబివన్నె చారలు కొన్నిచోట్ల వానిని చీల్చుకొని పోవుచుండును. వీనిని శాస్త్రజ్ఞులు పెగ్మటైటు సిరలందురు. రాతిద్రవము చల్లారునపుడు సామాన్య ఖనిజములు ముందుగా స్ఫటికములై గట్టిపడును. వానిలో ఇముడజాలని అరుదైన మూలకములు మిగిలిన ద్రవములోనే నిలిచి, కడపట ఇట్టి సిరలలో చేరును. అట్టి మూలకములలో నయోబియం అను లోహమొకటి.

శామీర్‌పేటలో నయోబియం గని లేదు. కాని ఆ లోహమును పనిలో పెట్టిన గొప్ప కర్మాగారమొకటి ఈ ఊరికి చేరువలోనే యున్నది. అచటికి పోకముందు, ఈ లోహమునిచ్చు రాయి తెలుగునేలపై బయల్పడిన నెల్లూరు సీమకు పోవలెను.

గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతములలో 19వ శతాబ్ది చివరి భాగమునుండి పెగ్మటైటు సిరలను త్రవ్వి అభ్రకమును తీయుచుండిరి. మన పెద్దలు కాకిబంగారమని పిలిచిన వస్తువిదియే. పలుచని రేకులుగా విడిపోవుట, వేడికి తాళుట, విద్యుత్తును తనగుండ పోనీయకుండుట దీని గుణములు. వాల్వు రేడియోల కాలమున ఆ పెట్టెలలోని కండెన్సరులకు అభ్రకపు రేకులు ఎంతయో ఉపయోగపడినవి. ఇంటింట పాట వినిపించుటకు గనికూలీల చెమట కూడ కారణమని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఆ గనులలో అభ్రకముతోను, పలుగురాతితోను పాటు అప్పుడప్పుడు బరువైన నల్లరాయి తగిలెడిది. అభ్రకము కొరకు త్రవ్వువానికి అది అడ్డురాయి మాత్రమే. పేరు తెలియని రాయి పారబోసిన గుట్టపాలగుట గనులలో సహజము. 20వ శతాబ్ది తొలినాళ్లలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు ఇట్టి రాళ్లను పరీక్షించిరి. గూడూరు ప్రాంతమందలి శంకర గనిలో దొరకిన నల్లరాయి సమర్‌స్కైటు అని తేలినది. నెల్లూరు సిరలలో కొలంబైటు, టాంటలైటు అను ఖనిజములు కూడ కనబడినవి.

ఈ మూడును ఆమ్లజనితో కూడిన ఖనిజములు. కొలంబైటులో ఇనుము, మాంగనీసు, నయోబియం, టాంటలం ఉండును. నయోబియం హెచ్చుగా ఉన్నచో కొలంబైటనియు, టాంటలం హెచ్చుగా ఉన్నచో టాంటలైటనియు అందురు. కొలంబైటు నల్లగా, కొంచెము లోహపు మెరుపుతో ఉండును. పలుగురాయి నీటికంటె రెండున్నర రెట్లకు పైగా బరువు. కొలంబైటు అయిదు రెట్లకు మించును. టాంటలం పెరిగినకొలది బరువు ఎనిమిది రెట్లవరకు పోవును. కావున చేతపట్టినంతనే తేడా తెలియును. సమర్‌స్కైటు మకమలువలె నల్లనై, పగిలినచోట గాజువలె నునుపుగా మెరయును. దానిలో యురేనియం కూడ ఉండుటచే కిరణములను వెడలించును. కనుక ముచ్చటపడి ఇంటిలో దాచుకొనదగిన రాయి కాదు.

ఈ లోహమునకు పేరు నిలుచుటకే నూటయేబది ఏండ్లు పట్టినది. అమెరికాలోని కనెక్టికట్ నుండి వచ్చి లండను ప్రదర్శనశాలలో పడియున్న నల్లరాతిని పరీక్షించి, 1801లో చార్లెస్ హాచెట్ దానిలో క్రొత్త మూలకము కలదని ప్రకటించెను. దానికి కొలంబియం అని పేరిడెను. మరుసటి యేట స్వీడనులో ఎకెబర్గ్ టాంటలమును కనుగొనెను. 1809లో వొలాస్టన్ రెండును ఒక్కటే యనెను. అంతటి పండితుని మాట కాబట్టి లోకము నమ్మినది. 1844లో జర్మనీలో హైన్రిష్ రోజ్ రెండును వేరని చూపి, గ్రీకుల పురాణగాథలోని టాంటలసు కుమార్తె నియోబీ పేర నయోబియం అని పిలిచెను. 1866లో మారిన్యాక్ ఆ కవలలను వేరుచేయు మార్గము చూపెను. నయోబియం అను పేరు అంతర్జాతీయముగా స్థిరపడినది 1949లో మాత్రమే. సమర్‌స్కైటునకు రష్యా గనుల అధికారి సమర్‌స్కీ పేర నామకరణము చేసినవాడును రోజ్ పండితుడే. ఆ ఖనిజమునుండియే 1879లో సమేరియం అను మూలకము బయటపడినది.

నయోబియం 2,477 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమివద్దగాని కరగదు. ఉక్కులో నూటికి పదియవ వంతు పాలు, అంతకంటె తక్కువ కలిపినను ఆ ఉక్కు బలపడును. వంతెనలకు, చమురు గొట్టములకు అట్టి ఉక్కును వాడుచున్నారు. చంద్రునివద్దకు పోయిన అపోలో నౌకల ప్రధాన ఇంజను మూతిలో కొంతభాగము నయోబియం మిశ్రలోహమే. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రమున అయస్కాంతపు తీగలు నయోబియం, టైటానియం కలిపినవి. ద్రవ హీలియపు చల్లదనమున అవి ఏ అడ్డును లేక విద్యుత్తును ప్రవహింపజేయును.

శామీర్‌పేటకు చేరువలోని కర్మాగారము మౌలాలి దాపున 1971లో స్థాపింపబడిన అణు ఇంధన సముదాయము. మన భారజల అణువిద్యుత్ కేంద్రములలో ఇంధనమును ఇముడ్చుకొని, సుమారు 300 డిగ్రీల వేడిని, అధిక పీడనమును భరించు గొట్టములు అచ్చట తయారగుచున్నవి. 1990ల దశాబ్దినుండి వీనిని జిర్కోనియమునకు నూటికి రెండున్నర పాళ్లు నయోబియం కలిపి చేయుచున్నారు. ఆ స్వల్పభాగముచే గొట్టము బలపడును, హైడ్రోజనును తక్కువగా పీల్చుకొనును. ఇట్టి ఖనిజములను వెదకుటకు 1949లో ఏర్పడిన సంస్థ, నేడు అణుఖనిజ అన్వేషణ పరిశోధన సంచాలనాలయమను పేర, హైదరాబాదు బేగంపేటనుండి పనిచేయుచున్నది.

ఇంత ఉపయోగముగల లోహము కొరకు మనదేశము పరదేశములవైపు చూచుచున్నది. లోకమునకు లభించు నయోబియంలో సుమారు పదింట తొమ్మిది వంతులు ఒక్క బ్రెజిలు దేశమునుండియే వచ్చును. అచట అరషా అనుచోట పైరోక్లోరు అను మరియొక నయోబియం ఖనిజపు రాశి కలదు. 2023లో భారత ప్రభుత్వము నయోబియమును కీలక ఖనిజముల పట్టికలో చేర్చినది. అదే యేట గనుల చట్టమును సవరించి, ప్రభుత్వసంస్థలకే పరిమితమైన అణుఖనిజముల వరుసనుండి దీనిని తప్పించి, ప్రైవేటువారు కూడ అన్వేషించుటకు దారి తెరచినది.

నెల్లూరు సీమలో అభ్రకపు గనులు చాలవరకు మూతపడినవి. సిరలలోని నల్లరాయి బ్రెజిలు రాశులకు సాటిరాదు. అయినను ఒకనాడు పారబోసిన గుట్టలను నేటి పరికరములతో మరల పరీక్షించుట వృథా కాదు. హాచెట్ చూచిన రాయి క్రొత్తగా త్రవ్వినది కాదు, ఎన్నో ఏండ్లుగా ప్రదర్శనశాలలో ఉన్నదే. శంకర గనిలోని రాయియు పరీక్షించినవారు వచ్చినపుడే పేరు సంపాదించుకొన్నది. రాతిని గుర్తింపగల చదువు గనికూలీల బిడ్డలకు కూడ అందిననాడు, పనికిరాదని విసరివేయు రాళ్లు తగ్గిపోవును.