పెన్‌డ్రైవ్ దారి: విశాఖ నేవీ ఆఫీసు నుంచి మన హాస్టల్ గది దాకా



కొన్ని రోజులుగా గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఇంటికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం, ఏ యాంటీవైరస్ వెయ్యాలి, డబ్బులు పెట్టి కొనాలా, ఫ్రీది చాలా అని. ఒకరు ఒక కంపెనీ పేరు చెప్తారు, ఇంకొకరు అది దండగ అంటారు, మూడో ఆయన క్రాక్ ఫైల్ లింక్ పెడతారు. సింహాచలం కొండ కింద హాస్టల్‌లో ఉండే మేం నలుగురం ఈ గొడవ చూసి, అసలు ఈ వైరస్‌లు ఎక్కడ్నించి వచ్చాయి, మన దగ్గరికి ఏ దారిన వచ్చాయి అని చదవడం మొదలుపెట్టాం. చదివాక అర్థమైంది ఏంటంటే, ఈ చరిత్రలో పెద్ద ఘట్టం ఒకటి మన విశాఖలోనే జరిగింది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం. పోస్ట్ పొడుగే, ఓపిగ్గా చదవండి.

విశాఖలో తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం ఉందని అందరికీ తెలుసు. మన దేశం కట్టుకున్న మొదటి అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ అరిహంత్ ఇక్కడే తయారైంది. 2012 జులై 1న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఒక వార్త వేసింది. తూర్పు నౌకాదళం కంప్యూటర్లలోకి ఒక వైరస్ దూరి, లోపలి ఫైళ్ళను చైనాలోని ఇంటర్నెట్ అడ్రసులకు పంపించిందని. అప్పటికి అరిహంత్ పరీక్షలు నడుస్తున్నాయి. నేవీ కూడా విచారణ వేశామని ఒప్పుకుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నేవీ వాళ్ళు రహస్య సమాచారం ఉన్న కంప్యూటర్లకు అసలు ఇంటర్నెట్టే ఇవ్వరు. వైరు లేదు, వైఫై లేదు. మరి ఫైళ్ళు బయటికి ఎలా పోయాయి? పెన్‌డ్రైవ్ మీద. వార్తలో చెప్పిన ప్రకారం ఆ వైరస్ పెన్‌డ్రైవ్‌లో కనిపించని ఫోల్డర్ ఒకటి చేసుకుంటుంది. లోపలి కంప్యూటర్‌కి పెట్టగానే కొన్ని మాటలు వెతికి, ఆ మాటలున్న ఫైళ్ళను ఆ ఫోల్డర్‌లోకి నకలు తీసుకుంటుంది. తర్వాత చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. అదే పెన్‌డ్రైవ్‌ను ఎవరో నెట్ ఉన్న కంప్యూటర్‌కి పెట్టారనుకోండి, అప్పుడు ఆ ఫైళ్ళను పంపించేస్తుంది. పెన్‌డ్రైవ్‌లు వాడకూడదన్న రూల్ అక్కడ ఉంది. రూల్ ఉన్నా ఎవరో వాడారు. పని తొందర ఎవరికైనా ఒకటే.

దీనికి రెండేళ్ళ ముందు, 2010లో, స్టక్స్‌నెట్ అనే వైరస్ బయటపడింది. ఇరాన్‌లో నతాంజ్ అణు కేంద్రం యంత్రాలను చెడగొట్టడానికి చేసింది అది. అదీ నెట్ లేని చోటికి పెన్‌డ్రైవ్ మీదే చేరింది. గురి ఇరాన్ అయినా, ఎక్కువగా సోకిన దేశాల్లో ఇండోనేషియాతో పాటు మన దేశం కూడా ఉంది. మనతో గొడవ లేని వైరస్ కూడా మన ఇంట్లోకి వస్తుందన్నమాట.

ఇప్పుడు మన సంగతి. మన కంప్యూటర్లలో రహస్యాలు ఏమున్నాయి అని కొందరు నవ్వుతారు. మా హాస్టల్ లెక్క చెప్తాం. కుల ధ్రువీకరణ పత్రం స్కాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, స్కాలర్‌షిప్ కాగితాలు, టెన్త్ మెమో, అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఆ పెన్‌డ్రైవ్ గోపాలపట్నం జెరాక్స్ షాపుకి వెళ్తుంది, కాలేజీ ల్యాబ్‌కి వెళ్తుంది, సెలవులకు ఏజెన్సీకి వెళ్ళి అక్కడ నెట్ సెంటర్లో దూరుతుంది. సంతలో ఒకరికి దగ్గు ఉంటే వారం తిరిగేసరికి నాలుగు ఊళ్ళకు ఎలా పాకుతుందో, ఇదీ అంతే. మాలో ఒకరి దగ్గర వాళ్ళ ఊరి ముసలమ్మలు పాడిన కొండ పాటల రికార్డింగులు ఉన్నాయి, రెండు సెలవులు తిరిగి పోగుచేసినవి. పాడినవాళ్ళలో ఒకామె ఇప్పుడు లేదు. పోయిన ఏడాది ఒకరోజు ఏదో షాపు నుంచి వచ్చాక ఆ పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉన్నాయి. సైజు చూస్తే ఒక్కొక్కటి కేబీలే. ఆ రాత్రి గదిలో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

పాటలు దొరికాయి లెండి. ఈ షార్ట్‌కట్ వైరస్ మామూలుగా ఫైళ్ళను చెరపదు, దాచేస్తుంది. ఎందుకలా చేస్తుందో చరిత్ర తెలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఆటోరన్ అని ఒక సదుపాయం ఉండేది. సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టగానే లోపలున్న ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యేది. వైరస్‌లకు అది తలుపు తీసి పిలిచినట్టే. 2008 నవంబర్లో వచ్చిన కాన్‌ఫికర్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు అప్‌డేట్ ఇచ్చి పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ ఆపేసింది. దాంతో వైరస్ దానంతటదే లేవలేకపోయింది. మనిషి చేత క్లిక్ చేయించాలి. అందుకే మన ఫోల్డర్లను దాచి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. మనం మన నోట్సే అనుకుని నొక్కుతాం. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యకండి, షార్ట్‌కట్ నొక్కకండి. ముందు స్కాన్ చేసి వైరస్ తీసేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే కమాండ్‌తో దాగిన ఫైళ్ళను బయటికి తీయొచ్చు. మేం అలాగే తీశాం.

అసలు మొదలు ఎక్కడంటే, ఐబీఎం పీసీల మీద పాకిన మొదటి వైరస్ మన పక్క దేశంలో పుట్టింది. 1986లో లాహోర్‌లో కంప్యూటర్ షాపు నడిపే ఇద్దరు అన్నదమ్ములు, బాసిత్, అంజాద్ ఫరూక్ అల్వీ, బ్రెయిన్ అనే ప్రోగ్రాం రాశారు. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగ నకళ్ళు తీస్తున్నారని అలా చేశామన్నారు. విచిత్రం ఏంటంటే అందులో తమ పేర్లు, షాపు అడ్రస్, ఫోన్ నంబర్ కూడా పెట్టారు. ఇప్పటి దొంగలు అలా పెడితే ఎంత బావుణ్ణు. అది ఫ్లాపీల మీద దేశాలు దాటింది. అప్పటి ఫ్లాపీయే ఇప్పటి పెన్‌డ్రైవ్.

వైరస్ పక్క దేశంలో పుడితే, మందు చేసినవాళ్ళు మన దేశంలోనూ పుట్టారు. చెన్నైలో కేశవర్ధనన్ 1991లో కే7 కంప్యూటింగ్ మొదలుపెట్టారు. వాళ్ళ సరుకు జపాన్‌లో కూడా అమ్ముడైంది. పుణెలో కైలాశ్ కాట్కర్ కథ మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన పదో తరగతితో చదువు ఆపి, కాలిక్యులేటర్లు బాగుచేసే షాపులో పనికి చేరారు. తర్వాత సొంత రిపేరు షాపు పెట్టుకున్నారు. బాగుచెయ్యడానికి వచ్చే కంప్యూటర్లలో వైరస్‌లు ఎక్కువగా కనిపిస్తుంటే, కంప్యూటర్ చదువుతున్న తమ్ముడు సంజయ్ వాటికి విరుగుడు ప్రోగ్రాంలు రాశాడు. 1990ల మధ్యలో అదే క్విక్ హీల్ అయింది. 2016లో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చింది. రిపేరు బల్ల మీద నేర్చుకున్న చదువు కూడా చదువే అని ఆ కథ చదివాక మాకు అనిపించింది. (ఇది చదివి ఆ కంపెనీదే కొనమన్నామని అనుకోకండి. కథ వేరు, సరుకు వేరు.)

ఫ్రీ యాంటీవైరస్‌ల కథ కొంచెం చేదుగా ఉంటుంది. చెకోస్లోవాకియాలో 1988లో మొదలైన అవాస్ట్, 2001 నుంచి ఇళ్ళలో వాడేవాళ్ళకు ఉచితంగా ఇచ్చింది. కోట్లమంది వేసుకున్నారు, మనవాళ్ళూ వేసుకున్నారు. 2020 జనవరిలో బయటపడింది ఏంటంటే, వాడేవాళ్ళు నెట్‌లో ఏం చూస్తున్నారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన పిల్ల కంపెనీ ద్వారా అమ్ముతోందని. గొడవ అయ్యాక జంప్‌షాట్ మూసేశారు. 2024లో అమెరికాలో ఆ విషయం మీద 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మనల్ని కాపాడతానని లోపలికొచ్చిన కావలివాడే మన సంగతులు అమ్ముకోవడం అన్నమాట. ఫ్రీ అనగానే ఎగబడే మాలాంటివాళ్ళం ఒకసారి గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మన సమాచారం మనకు విలువ లేనిదిగా కనిపించొచ్చు, కొనేవాళ్ళకు విలువ ఉంది.

ఇంకో ఫ్రీ ఉంది, విండోస్‌తోనే వచ్చేది. మైక్రోసాఫ్ట్ 2009 సెప్టెంబర్లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే పేరుతో లోపలే కలిపేసింది. మొదట్లో అది పనికిరాదని చెప్పుకునేవారు, అందులో నిజం లేకపోలేదు. 2012 చివర్లో జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షలో ఎసెన్షియల్స్‌కి సర్టిఫికెట్ రాలేదు. కొన్నేళ్ళకు డిఫెండర్ బాగా మెరుగుపడి అదే సంస్థ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. మన అన్నయ్యలు చెప్పే సలహా 2012 నాటిది, అందుకే ఇంకా "డిఫెండర్ వేస్ట్" అంటుంటారు.

అయితే యాంటీవైరస్ ఒక్కటే సరిపోతుందా? దీనికి జవాబు 2017 మే 12న వచ్చింది. ఆ శుక్రవారం వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లకే సోకింది. విశాఖ, శ్రీకాకుళం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల పేర్లు వార్తల్లో వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ సోకింది. దీనికి పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు, ఎవరూ క్లిక్ చెయ్యక్కర్లేదు. విండోస్‌లో ఉన్న ఒక లోపం గుండా నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకుతుంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్ళు బతికారు, "రిమైండ్ మీ లేటర్" నొక్కినవాళ్ళు దొరికారు.

దోమతెరతో పోల్చి చెప్తాం, ఏజెన్సీలో అందరికీ తెలిసింది కాబట్టి. తెర ఎంత మంచిదైనా చిరుగు ఉంటే దోమ వస్తుంది. యాంటీవైరస్ లోపలికొచ్చిన దోమను కొట్టే చెయ్యి లాంటిది, అప్‌డేట్ చిరుగు కుట్టడం లాంటిది. రెండూ కావాలి గానీ, ఒకటే దొరికే పరిస్థితి ఉంటే మేమైతే చిరుగే ముందు కుడతాం.

ఇక ఎంచుకునే విషయం. మా నలుగురిలో కూడా పూర్తిగా ఏకాభిప్రాయం లేదు. ఒకరు డబ్బు పెట్టి కొన్నదే మంచిదంటారు, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి మనిషి ఉంటాడు కదా అని. ఇంట్లో చదువుకోనివాళ్ళు కూడా వాడే కంప్యూటర్ అయితే ఆ మాటలో న్యాయం ఉంది. మిగతా ముగ్గురం మాత్రం, విండోస్ 11 ఉన్న మెషీన్‌లో డిఫెండర్ ఆన్‌లో ఉండి, అప్‌డేట్లు ఆగకుండా వస్తుంటే విద్యార్థికి అది చాలని అనుకుంటున్నాం. ఆ డబ్బుతో ఇంకో పెన్‌డ్రైవ్ కొని, ముఖ్యమైన ఫైళ్ళు రెండో చోట పెట్టుకుని, దాన్ని ఏ షాపుకీ తీసుకెళ్ళకుండా ఇంట్లో దాచండి. రాన్సమ్‌వేర్ వచ్చినా ఆ రెండో నకలు ఉంటే ఎవడికీ డబ్బు కట్టక్కర్లేదు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వెయ్యకండి, ఒకదాన్నొకటి అనుమానించుకుని కంప్యూటర్‌ను నత్తలా చేస్తాయి. క్రాక్ చేసిన యాంటీవైరస్ గురించి వాదనే అక్కర్లేదు. క్రాక్ వెయ్యాలంటే ముందు ఉన్న యాంటీవైరస్ ఆపమంటుంది, అక్కడే తెలిసిపోవాలి.

ప్రభుత్వం ఇచ్చినవీ ఉన్నాయి, మనవాళ్ళలో చాలామందికి తెలీదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని పెట్టింది. వైరస్ తీసే ఉచిత టూల్స్ ఆ వెబ్‌సైట్‌లో ఇచ్చారు. యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా అందులో చేర్చారు. ఇది మన హైదరాబాద్ సీడాక్‌లో తయారైంది. అనుమతి లేని పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కి తగలనివ్వదు. విశాఖ నేవీలో జరిగిన కథ చదివాక దాని అవసరం వేరే చెప్పక్కర్లేదు కదా.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు ముఖ్యమైన మాట. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆగింది, తర్వాత ఒక సంవత్సరం అదనపు అప్‌డేట్లకు నమోదు చేసుకునే వీలు మాత్రం ఇచ్చారు. షాపుల్లో ఇప్పుడు చవగ్గా వస్తున్న లాప్‌టాప్‌లు చాలావరకు ఇందుకే చవక. విండోస్ 11 ఎక్కదు వాటికి. కొనే ముందు అడగండి, ఎక్కదంటే ధర ఇంకా తగ్గించమనండి, తెచ్చుకుని లైనక్స్ వేసుకోండి. సీడాక్ వాళ్ళదే బాస్ లైనక్స్ ఉంది, తెలుగు కూడా వస్తుంది. ఉబుంటు అయినా ఫర్వాలేదు. నోట్సు రాయడానికి, నెట్ చూడడానికి ఇబ్బంది ఉండదు, షార్ట్‌కట్ వైరస్ గొడవ కూడా ఉండదు. కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొన్ని మాత్రం నడవవు, అది చూసుకోండి.

చివరగా సిగ్నల్ లేని ఊళ్ళ సంగతి. డిఫెండర్ కొత్త వైరస్‌ల గుర్తులను నెట్ నుంచి తెచ్చుకుంటుంది, నెట్ లేకపోతే పాతబడిపోతుంది. దానికి మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే విడిగా ఒక ఫైల్ ఇస్తారు, వంద ఎంబీ పైనే ఉంటుంది. సంతకి పాడేరో అరకో వచ్చినప్పుడు సిగ్నల్ ఉన్నచోట ఫోన్‌లో దింపుకుని, ఇంటికెళ్ళి కేబుల్‌తో కంప్యూటర్‌లోకి వేసుకుని డబుల్ క్లిక్ చేస్తే సరిపోతుంది. దింపే ముందు మీ విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా చూసుకోండి, రెండిటికీ ఫైళ్ళు వేరు. వారానికి ఒకసారి చేస్తే చాలు.