కుగ్లర్ అనే ఇంటిపేరు

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివాళ్లు తక్కువ. ఆ పేరు అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ ఇంటిపేరు. ఆవిడ 1856లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టింది. ఇంటిపేరు మాత్రం జర్మనీది.

మనకు ఊరిని బట్టి గొల్లపూడి, పదవిని బట్టి కరణం ఇంటిపేర్లయినట్టే జర్మన్లకూ ఊళ్లూ వృత్తులూ ఇంటిపేర్లయ్యాయి. రాజమండ్రిలో పనిచేసిన ష్మిట్ దొరగారి ఇంటిపేరుకు కమ్మరి అని అర్థం. కుగెల్ అంటే నేటి జర్మన్‌లో బంతి, తుపాకి గుండు. అందుకని కుగ్లర్లు గుండ్లు పోసేవాళ్లని చెప్పేస్తుంటారు. కానీ మధ్యయుగాల్లో తలనూ భుజాలనూ కప్పే ముసుగు టోపీని గూగెల్ అనీ కుగెల్ అనీ అనేవారు. దాన్ని కుట్టేవాడు కుగ్లర్. నాకు ఈ టోపీల లెక్కే సబబుగా తోస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ కుటుంబాలు వేలల్లో పెన్సిల్వేనియాకు వలసపోయాయి, లూథరన్ మతాన్నీ వెంట తీసుకెళ్లాయి. ఆ లూథరన్ సంఘం నుంచే 1842 జూలై 31న హేయర్ అనే మిషనరీ గుంటూరు చేరాడు. ఆయనైతే నికార్సైన జర్మన్. 1793లో హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. గుంటూరు నుంచి తిరిగి అమెరికా వెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదివి, మళ్లీ వచ్చి పల్నాడులో పనిచేశాడు. 1869లో డెబ్బై ఆరేళ్ల వయసులో ఇంకోసారి ఓడెక్కి వచ్చాడు. ఆ వయసులో మనవాళ్లు కాశీకి వెళ్లడానికే వెనకాడతారు!

డాక్టరు పట్టా ఉన్న కుగ్లర్‌ను 1883లో మిషన్‌వారు పంపింది మాత్రం బడి పనికి. వైద్యానికి ఆమోదం దొరకడానికి రెండేళ్లు పట్టింది. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడవాళ్లకు ఆమోదాలతో ఏం పని? జ్వరమొచ్చినా కాన్పు కష్టమైనా ఆవిడ దగ్గరికే వచ్చారు. 1893లో పునాది వేసిన ఆసుపత్రి 1897లో తెరుచుకుంది. తన ఇంట్లోవాళ్లకు చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా రోగుల బంధువులకు సత్రం కట్టించాడు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

మన జిల్లాలో పాత చర్చీల బాప్తిస్మం రిజిస్టర్లు, సమాధుల మీది రాతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి పేర్లు కనిపిస్తే ఉన్నదున్నట్టు అక్షరం మార్చకుండా రాసుకోండి, ఫొటో తీయండి. చెదలు పట్టాక ఎవరం ఏమీ చెయ్యలేం.