నీరసం

అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో గెలలు కోసే మగవాడు డాక్టరు ముందు కూర్చుంటే "నీరసంగా ఉంటోందండీ" అంటాడు. కోరిక తగ్గిందనీ, పొద్దున్నే రావలసిన అంగస్తంభన రావడం లేదనీ నోరు విప్పడు. అన్నిటికీ ఆ ఒక్క మాటే.

సంస్కృతంలో రసం లేనిది నీరసం: ఎండినది, రుచి లేనిది. చప్పటి కావ్యాన్నీ నీరసమనే అన్నారు. తెలుగులో ఆ మాట ఒంటికి పట్టింది. నీరసపడ్డాడు, నీరసించిపోయాడు అంటాం. ఆయుర్వేదం చెప్పే ఏడు ధాతువుల్లో మొదటిది రసం, చివరిది శుక్రం. మొదటిది లేదని చెప్పి మనవాళ్లు చివరిదాని సంగతి దాచుకుంటున్నారనిపిస్తుంది నాకు.

ఆ దాచుకున్న సంగతి వెనకుండే మగ హార్మోను టెస్టోస్టిరాన్. ఆ పేరు 1935 నాటిది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకూర్ బృందం ఆబోతుల వృషణాల నుంచి దాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టింది.

అది తగ్గినా నీరసమే. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, షుగరు పెరిగినా నీరసమే. అందుకే మాట విని మందు రాయకూడదు. పొద్దున్నే రక్తం ఇచ్చి, మరో రోజు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. రెండుసార్లూ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపుండి, లక్షణాలూ ఉంటేనే తక్కువని అమెరికా యూరాలజిస్టుల సంఘం లెక్క.

పిల్లలు కావాలనుకునేవాళ్లు టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకోకూడదు. బయటి నుంచి హార్మోను వస్తే మెదడు వృషణాలకు పంపే సంకేతం తగ్గి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. బలానికి మందు కావాలని అడిగే కుర్రవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.